బుచ్చిబాబు నాయుడు

తూర్పు సముద్రతీరమున నెల్లూరు మండలమునకు దక్షిణముగా చెన్నపట్టణము కలదు. 1953వ సంవత్సరము వరకు నెల్లూరు మండలమువారికి అదియే రాజధాని. బకింగ్‌హాము కాలువ వెంట ఉప్పును, వంటచెరకును నింపుకొని పడవలు ఆ తీరమునుండి పట్టణమునకు సాగిపోవుచుండెడివి. చదువుకొరకును, వర్తకముకొరకును తెలుగువారెందరో అచటికి చేరుచుండిరి. అట్టి పట్టణమున స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమున పెరిగి, యువకులకు ఆటతోపాటు ఆత్మగౌరవమును నేర్పిన మహనీయుడు బుచ్చిబాబు నాయుడు. దక్షిణభారత క్రికెట్టునకు పితామహుడని ఆయనకు పేరు.

ఆయన 1868లో జన్మించెను. అసలు పేరు మోదవరపు వేంకట మహీపతి నాయుడు. మాతామహుడైన వేంకటస్వామి నాయుడు ఆయనను దత్తత చేసికొనెను. వేంకటస్వామి నాయుడు ప్యారీ కంపెనీలో దుబాసీ. తెల్లదొరలకును దేశీయ వర్తకులకును నడుమ మాటను, బేరమును నడిపెడి ఉద్యోగమునకు ఆ కాలమున దుబాసీతనమని పేరు. ఆ కుటుంబము మైలాపూరు చెంత లజ్ అను ప్రాంతమున విశాలమైన తోటలోని భవనమున నివసించెడిది. పిల్లల పెంపకమునకు ఒక ఆంగ్లవనితను నియమించిరి. ఆమె వెంట చెపాకు మైదానమునకు పోయి, దొరలు ఆడుచున్న క్రికెట్టును చూచి బుచ్చిబాబు చిన్ననాడే దానిపై మనసుపడెను.

చెపాకు మైదానము మద్రాసు క్రికెట్ క్లబ్బువారిది. 1846లో ఏర్పడిన ఆ సంఘమున ఐరోపావారికే గాని భారతీయులకు సభ్యత్వము లేదు. భారతీయులు అచట ఆడవచ్చినప్పుడు సయితము వారికి విడిదిభవనమున ప్రవేశము లభించెడిది కాదు. మధ్యాహ్నవేళ దొరలు భవనములో భుజించుచుండ, వారితో అంతవరకు సమముగా ఆడిన మనవారు చెట్లనీడను కూర్చుండి భోజనము చేయవలసివచ్చెడిది. బంతికి తెలుపు నలుపుల భేదము తెలియదు. ఆ భేదము మనుష్యులకే తెలియును. ఈ అవమానము యువకుడైన బుచ్చిబాబు హృదయమున ములుకువలె నాటుకొనెను.

అయినను ఆయన కోపముతో ఆటను విడువలేదు, ఎవరిని దూషింపనూ లేదు. మనవారికి సొంత మైదానము, సొంత సంఘము ఉన్నచో పరుల వాకిట నిలువబడవలసిన పని లేదని తలచెను. ఇరువది యేండ్ల ప్రాయమున, 1888లో, మద్రాసు యునైటెడ్ క్లబ్బును నెలకొల్పెను. కోటకు సమీపమున ఎస్ప్లనేడునందు దానికి ఆటస్థలము ఏర్పడెను. భారతీయులు తమంత తాము నడుపుకొన్న ఆ సంఘము చెన్నపట్టణపు యువకులకు ఒక పాఠశాల వంటిదయ్యెను.

క్రికెట్టు ఖర్చుతో కూడిన ఆట. బ్యాటులు, కాళ్లకు రక్షణగా కట్టుకొను ప్యాడ్లు, తెల్లని దుస్తులు సామాన్యుల పిల్లలకు అందుబాటులో ఉండెడివి కావు. ఆటయందు నేర్పు కలిగియు ధనము లేని యువకులను బుచ్చిబాబు చేరదీసి, వారికి కావలసిన సామగ్రిని తన సొమ్ముతో సమకూర్చెను. లజ్‌లోని తన ఇంటి ఆవరణమునందును ఆటలకు చోటు కల్పించెను. తాను స్వయముగా మేటి ఆటగాడయ్యును, తన కీర్తికంటె తన వెంటనున్నవారి పురోభివృద్ధినే మిన్నగా ఎంచెను.

పదునొకండుగురు కూడి ఆడెడి ఈ ఆటయందు తనకొరకు మాత్రమే ఆడువాడు జట్టునకు చేటు తెచ్చును. నాయకుడు ఎవరిని ఎచట నిలుపవలెనో, బంతిని ఎవరి చేతికీయవలెనో నిర్ణయింపవలెను. ఓటమి కలిగినచో దాని భారమును తాను వహింపవలెను. ఇక సంఘమును నడుపుటకు కలసి ఆలోచించుట, లెక్కలు చూచుట, ఇచ్చిన మాటను నిలుపుకొనుట అవసరము. ఇట్టి పనులే పౌరజీవితమునకును పునాదులు.

మనవారి జట్టు బలపడిన పిమ్మట బుచ్చిబాబు ఒక గొప్ప సంకల్పము చేసెను. భారతీయులును, ఐరోపావారును ఏటేట సమానస్థాయిలో తలపడు పోటీ జరుగవలెనని ఆయన కోరిక. మద్రాసు క్రికెట్ క్లబ్బు పెద్దయైన పార్‌ట్రిడ్జితో సంప్రదించి ఆయనను ఒప్పించెను. చెట్టునీడకు పరిమితమైన వారు సరిసమానులుగా మైదానమున అడుగిడు దినము రానుండెను. 1908 చివరను తొలి పోటీ నిశ్చయమయ్యెను.

కాని ఆ దినమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. పోటీకి కొద్దికాలము ముందు, నలువది యేండ్ల వయసుననే, బుచ్చిబాబు ఆకస్మికముగా మరణించెను. చుక్కాని పట్టినవాడు ఒడ్డు చేరకమున్నే ఒరగినట్లయ్యెను. ఐనను పోటీ ఆగలేదు. ఆయన పెంచినవారు దుఃఖమును దిగమ్రింగి ఆ యేడే ఆటను జరిపిరి. తాను లేకున్నను పని సాగునట్లు అనుచరులను తీర్చిదిద్దుటకంటె నాయకునకు వేరు పరీక్ష లేదు.

ప్రెసిడెన్సీ పోటీ అను పేరుతో ఆ క్రీడ 1952 వరకు సాగెను. సంక్రాంతి పండుగ దినములలో దానిని చూచుటకు చెపాకునకు జనులు తండోపతండములుగా వచ్చెడివారు. 1932లో భారతజట్టునకు తొలి టెస్టు నాయకుడైన సి. కె. నాయుడును ఆ పోటీలలో ఆడెను. బుచ్చిబాబు కుమారులును మంచి ఆటగాండ్రైరి. వారిలో రామస్వామి 1922లో డేవిస్ కప్పు టెన్నిసునందును, 1936లో ఇంగ్లండులో టెస్టు క్రికెట్టునందును భారతదేశము పక్షమున ఆడి, రెండు క్రీడలలో దేశమునకు ప్రాతినిధ్యము వహించిన ఘనతను పొందెను. బుచ్చిబాబు పేర వెలసిన స్మారక క్రీడాపోటీ నేటికిని చెన్నపట్టణమున ప్రసిద్ధము.

అవమానమును పొందినవారు అనేకులు. ఆ అవమానము తన తరువాతివారికి కలుగకుండునట్లు పాటుపడినవారు కొందరే. బుచ్చిబాబు నాయుడు ఆ కొందరిలో ఒకడు.