ఫ్యోదర్ తోకరెవ్

ఫ్యోదర్ వసీల్యెవిచ్ తోకరెవ్ (1871 జూన్ 14 - 1968) రష్యాకు చెందిన సుప్రసిద్ధ ఆయుధ రూపకర్త. టీటీ పిస్టల్, ఎస్‌వీటీ-40 స్వయంచాలక రైఫిల్ ఈయన రూపొందించిన ఆయుధాలలో ముఖ్యమైనవి. రష్యా నేరకథా చిత్రాలు చూసేవారికి ఈయన పేరు తెలియకపోయినా ఈయన పిస్టల్ మాత్రం చిరపరిచితమే.

జననం, విద్య

తోకరెవ్ దొన్ నదీ ప్రాంతంలోని యెగర్లీక్‌స్కయా అనే కొసాక్కు గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం నేటి రస్తోవ్ రాష్ట్రంలో ఉన్నది. బాల్యంలోనే కమ్మరపు పని, ఇనుప పనిముట్ల తయారీ నేర్చుకున్నాడు. నొవచెర్కాస్క్‌లోని సైనిక వృత్తి విద్యాలయంలో తుపాకుల మరమ్మత్తులో శిక్షణ పొంది, 1891లో ఒక కొసాక్కు రెజిమెంటులో ఆయుధ నిపుణుడిగా చేరాడు. తరువాత సైనిక పాఠశాలలో చదివి అధికారి అయ్యాడు. రూపకర్తగా మారిన తరువాత కూడా కాగితంపై గీతలతో సరిపెట్టుకోక, నమూనాలను స్వహస్తాలతో ఆకురాయి పట్టి తయారు చేయడం ఈయనకు అలవాటు.

రైఫిల్ ప్రయోగాలు

1907లో ఒరానియెన్‌బౌమ్‌లోని అధికారుల తుపాకీ శిక్షణ పాఠశాలకు వెళ్ళడం తోకరెవ్ జీవితాన్ని మలుపు తిప్పింది. అప్పటి రష్యా సైన్యపు మోసిన్ రైఫిల్‌లో ప్రతి తూటాకూ చేతితో బోల్టు లాగవలసి వచ్చేది. దానిని తనంత తానే తూటా నింపుకొనేలా మార్చాలని ఈయన ఆలోచించాడు. ఆ ప్రయోగాల కొరకే సెస్త్రొరెత్స్క్ ఆయుధ కర్మాగారానికి పంపబడ్డాడు. పని ఒక కొలిక్కి వస్తున్న సమయంలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, తోకరెవ్ యుద్ధరంగానికి వెళ్ళవలసి వచ్చింది. 1916లో కర్మాగారానికి తిరిగి వచ్చాడు.

విప్లవం తరువాత జారు సైన్యంలో పనిచేసిన కొసాక్కు అధికారులలో చాలామంది తెల్ల సైన్యాలలో చేరారు, లేదా దేశం విడిచారు. తోకరెవ్ మాత్రం కర్మాగారాన్ని వదలలేదు. కొంతకాలం ఇజెవ్‌స్క్‌లో పనిచేసి, 1921లో తూలా ఆయుధ కర్మాగారానికి చేరాడు. అక్కడ బరువైన మాక్సిమ్ మరతుపాకీ నుండి నీటి తొట్టిని తొలగించి, భుజానికి ఆనించే పిడిని, రెండు కాళ్ళ ఊతను అమర్చి, దాదాపు 13 కిలోల తేలికపాటి మరతుపాకీగా మార్చాడు. 1925లో సైన్యం దీనిని స్వీకరించింది. కొద్దికాలానికే దెగ్త్యర్యోవ్ మరతుపాకీ రావడంతో దీని అవసరం తీరిపోయింది.

టీటీ పిస్టల్

పాత నగాన్ రివాల్వర్ స్థానంలో కొత్త పిస్టల్ కావాలని ఎర్ర సైన్యం కోరినపుడు తోకరెవ్ రూపొందించినదే టీటీ. మొదటి అక్షరం తూలా నగరాన్ని, రెండవది తోకరెవ్‌ను సూచిస్తుంది. 1930-31లో పరీక్షలు నెగ్గిన ఈ పిస్టల్ కొన్ని మార్పులతో 1933 నమూనాగా స్థిరపడింది. గొట్టం పనిచేసే పద్ధతి అమెరికా రూపకర్త బ్రౌనింగ్‌ది. తూటా జర్మనీ మౌజర్ తూటాను ఆధారం చేసుకున్నది. అయితే సుత్తి, దాని స్ప్రింగు మొదలైన భాగాలన్నీ ఒకే దిమ్మెగా ఊడి వచ్చే ఏర్పాటు తోకరెవ్ సొంత ఆలోచన. దీనివల్ల యుద్ధరంగంలో శుభ్రపరచడం, మరమ్మత్తు చేయడం సులువయ్యాయి.

మేగజైన్‌లో 8 తూటాలు పడతాయి. వెలుపల ప్రత్యేకమైన సేఫ్టీ మీట లేకపోవడం దీనిలోని పెద్ద లోపం. సుత్తిని సగం లాగి ఆపడమే ఉన్న ఏకైక రక్షణ, అది అరిగితే ప్రమాదమే. 1951 నుండి మకారోవ్ పిస్టల్ దీని స్థానాన్ని ఆక్రమించినా, చైనా, పోలండ్, హంగరీ, యుగోస్లావియా వంటి దేశాలలో దీని అనుకరణలు తయారయ్యాయి.

ఎస్‌వీటీ వివాదం

1938-39లో స్వయంచాలక రైఫిల్ ఎంపికలో తోకరెవ్, సీమనవ్‌ల నమూనాలు పోటీపడ్డాయి. సీమనవ్ రైఫిల్ తేలికైనదని, భాగాలు తక్కువని, చౌకగా తయారవుతుందని ఆయుధ పరిశ్రమ అధిపతి వానికోవ్ వాదించాడు. స్టాలిన్ మాత్రం తోకరెవ్ వైపే మొగ్గాడు. మెరుగుపరచిన ఎస్‌వీటీ-40 లక్షల సంఖ్యలో తయారైనా, 1941లో హడావుడిగా చేర్చుకున్న సైనికులకు దాని సంరక్షణ కష్టమైంది. వానికోవ్ ఆక్షేపణలలో కొంత నిజం ఉన్నట్లు యుద్ధం చూపించింది. శిక్షణ పొందిన నావికా పదాతి దళాలు దానిని ఇష్టపడ్డాయి. జర్మన్లు చేజిక్కించుకున్న వాటిని తామూ వాడుకోవడమే కాక, దాని వాయు యంత్రాంగాన్ని తమ రైఫిల్‌కు అనుకరించారు. సోవియట్ సైన్యం మాత్రం తయారీని క్రమంగా తగ్గించి, పాత మోసిన్ రైఫిల్ మీదనే ప్రధానంగా ఆధారపడింది.

చివరి జీవితం

1940లో తోకరెవ్‌కు సోషలిస్టు శ్రమవీరుడు బిరుదు లభించింది. వృద్ధాప్యంలో ఈయన దృష్టి కెమేరాలపైకి మళ్ళింది. ఈయన రూపొందించిన ఎఫ్‌టీ-2 అనే విశాల దృశ్య కెమేరా 1958 నుండి 1965 వరకు క్రస్నగోర్స్క్ కర్మాగారంలో తయారైంది. 1968లో తన 97వ ఏట మరణించాడు. భౌతికకాయాన్ని తూలాలో ఖననం చేశారు.

సినిమాలలో

1945 నాటి మాస్కో ముఠాల కథతో స్తనిస్లావ్ గవరూఖిన్ 1979లో తీసిన ఐదు భాగాల టెలివిజన్ చిత్రం "కలిసే చోటు మారదు"లో టీటీ పిస్టల్ కనిపిస్తుంది. వ్లదీమిర్ విసోత్స్కీ పోషించిన పరిశోధకుడి పాత్ర రష్యన్ ప్రేక్షకులకు నేటికీ సుపరిచితం. అయితే ఆ కథలోని హత్యకేసులో సాక్ష్యంగా నిలిచే చిన్న పిస్టల్ టీటీ కాదు, బెల్జియంలో తయారైన బయార్డ్.

యుద్ధకాలపు కథలలో యుద్ధానంతరం తయారైన టీటీలు వాడడం కద్దు. 1947కు ముందటి పిస్టళ్ల పైభాగంపై వెడల్పు, సన్నం గాట్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. తరువాతి వాటిపై అన్నీ సన్నని గాట్లే. శ్రద్ధగా చూస్తే తెరపై కూడా తేడా పట్టుకోవచ్చు.

సోవియట్ యూనియన్ పతనం తరువాత, 1990లలో, టీటీ కిరాయి హంతకుల ఆయుధంగా అపకీర్తి పొందింది. చౌకగా దొరకడం, తూటా తేలికపాటి రక్షణ కవచాలను చీల్చగలగడం దీనికి కారణాలు. హత్య తరువాత పిస్టల్‌ను అక్కడే వదలివేసేవారు. ఆ కాలపు కథలు చెప్పే చిత్రాలలో ఈ ఆయుధం తరచు కనిపించడం ఇందువల్లనే. 2000లో విడుదలైన అలెక్సేయ్ బలబానవ్ చిత్రం "బ్రాత్-2"లో, తోకరెవ్ ఒకప్పుడు తేలిక చేయబూనిన ఆ బరువైన మాక్సిమ్ మరతుపాకీయే నీటి తొట్టితో సహా మాస్కో వీధులలో కారు వెనుక భాగం నుండి పేలుతుంది.