రహీమ్ సాహెబ్: పిల్లల ఆటను అమానతుగా భావించిన ఉపాధ్యాయుడు

ఆటలంటే కాలం వృథా చేయటమేనని భావించే సోదరులు మనలో నేటికీ ఉన్నారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని, గుర్రప్పందాలు జరిపించారని వారికి తెలియక కాదు. అది ఆ కాలపు మాట అని సర్దుకుంటారు. అలాంటి వారు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితాన్ని ఒకసారి పరిశీలించాలి. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా రావటంతో ఆయన పేరు మళ్లీ వినిపించింది. సినిమాలో కల్పన ఉంటుంది. అసలు జీవితం అంతకన్నా నిరాడంబరమైనది.

1909లో హైదరాబాద్‌లో జన్మించిన రహీమ్ సాహెబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్‌లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లల ఆటల బాధ్యత చేపట్టారు. 1943 నుండి చివరి వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. సిటీ పోలీసు జట్టుకు ఆయనే శిక్షకుడు. ఆ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది.

అయితే కప్పుల కన్నా ఆయన పిల్లలకు నేర్పిన పద్ధతి గొప్పది. మన కుర్రవాళ్లకు బంతి దొరికితే చాలు, తానొక్కడే అందరినీ తప్పించుకుంటూ పోవాలన్న సరదా. దాన్ని మాన్పించటానికి ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలే పెట్టారు. బంతి రాగానే తోటివాడికి అందించక తప్పదు. అలాగే బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా నడిపారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలి. అహంకారాన్ని అణచటం, బలహీనతను దాచుకోకుండా సరిదిద్దుకోవటం పిల్లలకు ఇంత సులువుగా ఎవరు నేర్పగలరు?

సికింద్రాబాద్ శివారు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రవాడిలోని నేర్పును కూడా రహీమ్ సాహెబే గుర్తించారు. రోజూ హైదరాబాద్ వచ్చి సాధన చేయటానికి ఆ అబ్బాయి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు తానే ఇచ్చారు. ఆ అబ్బాయి మూడేళ్లలోపే ఒలింపిక్స్‌లో ఆడాడు. అతడు ఏ మతస్థుడన్న ప్రశ్న గురువుకూ లేదు, శిష్యుడికీ లేదు.

భారత జట్టు శిక్షకునిగా ఆయన 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించారు. మరుసటి ఏడాదే పరాభవం ఎదురైంది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది వట్టికాళ్లతో ఆడగా యుగోస్లావియా 10-1 తేడాతో ఓడించింది. ఆయన నిరాశ చెందలేదు. ఐరోపా జట్ల ఆట తీరును శ్రద్ధగా గమనించి తన జట్టును కొత్తగా తీర్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా నుండి అంతవరకు ఏ జట్టూ అక్కడికి చేరలేదు.

ఇక కుటుంబం. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో చోటు పొందాడు. శిక్షకుడు కన్నతండ్రి. అయినా భారత్ ఆడిన మూడు మ్యాచుల్లో ఒక్కదానిలోనూ హకీమ్ మైదానంలో దిగలేదు. 1962 జట్టులోనైతే అసలు చోటే లేదు. కొడుకు మీద ప్రేమ లేని తండ్రి ఎవరుంటారు? కాని బాధ్యత అప్పగించబడినవాడు తన వారికీ ఇతరులకూ ఒకే తూకం వాడాలి. ఖుర్ఆన్ కోరే న్యాయం అదే కదా!

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ సాహెబ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా అనుమతి ఇవ్వకపోవటాన్ని ఒక భారతీయ క్రీడాధికారి ఆక్షేపించటంతో అక్కడి ప్రజలు మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సెప్టెంబర్ 4న ఫైనల్ రోజు స్టేడియమంతా మన జట్టును గేలి చేసింది. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మనవాళ్లను ప్రోత్సహించారని ఆ జట్టువారు తర్వాత చెప్పుకునేవారు. ముస్లిములు అధికంగా ఉన్న దేశంలో, ఒక ముస్లిం గురువు తన హిందూ, సిక్కు, క్రైస్తవ, ముస్లిం శిష్యులతో ఆ అరుపుల మధ్య నిలబడ్డాడు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించటం ఆయన నిర్ణయమే. పి.కె.బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు వేశారు. మొదటి మ్యాచులో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా 2-1తో ఓడింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న ఆయన తుదిశ్వాస విడిచారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. తండ్రి మైదానంలో దించని హకీమ్ వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు. అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021లో మరణించారు.