స్ఫటికముల మర్మమెఱిగిన భగవంతము

హైదరాబాదు నగరమున పంజాగుట్ట నుండి అమీర్‌పేట వఱకు నేడు మెట్రో రైళ్లు ఎత్తైన స్తంభములపై పరుగిడుచున్నవి. ఆ పట్టాల ఉక్కు చూపునకు ఏకఖండముగా తోచును. కాని అది లెక్కలేనన్ని చిన్న స్ఫటికముల సముదాయము. స్ఫటికమున పరమాణువులు పొరలుపొరలుగా అమరియుండును. ఒక్కొక్కచోట ఒక పొర నడుమనే ఆగిపోవును. దాని అంచు వెంబడి గీతవంటి లోపమేర్పడును. ఈ రేఖాలోపములు కదలుటచేతనే లోహము వంగుచున్నదని 1934లో టేలర్, ఒరోవన్, పొలాని అను మువ్వురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా తెలిపిరి.

అట్టి గీత ఎప్పుడు తిన్నగా నిలుచును? ఎప్పుడు అస్థిరమై వంకరలు పోవును? స్ఫటికము ఏ దిక్కున ఎంత సాగునో తెలిసిననే దీనికి సమాధానము దొరకును. స్ఫటికముల యిట్టి గుణములను లెక్కకు తెచ్చుటకు పాటుపడిన తెలుగువాడు సూరి భగవంతము.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి, సి.వి. రామన్ శిష్యుడయ్యెను. 1932లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను.

సౌష్ఠవమును బట్టి స్ఫటికములు 32 తరగతులు. ఒత్తిడికి లోనైన స్ఫటికమున కాంతి నడక మారును. ఆ మార్పును తెలుపుటకు ఏ తరగతికి ఎన్ని స్థిరాంకములు వలయునో జర్మను శాస్త్రజ్ఞుడు పాకెల్స్ పూర్వమే లెక్క కట్టియుండెను. పెద్దలు చెప్పినదని భగవంతము దానిని ఊరక ఒప్పుకొనలేదు. లెక్కలో ఒక్క స్థిరాంకము తప్పినను, దానిపై ఆధారపడిన కొలతలన్నియు తప్పును గదా! సమూహ సిద్ధాంతమను గణితముతో ఆయన తరగతులను మరల పరిశీలించి, కొన్నింట పాత సంఖ్యలు సరికావని 1942లో నిరూపించెను.

పిమ్మట భీమసేనాచారితో కూడి, చెవికి వినరాని ధ్వనితరంగములను వజ్రములగుండ పంపి, వాని స్థితిస్థాపక స్థిరాంకములను కొలిచెను. ఆ ఫలితములు 1946లో ప్రకటింపబడెను. స్ఫటికమున ధ్వనివేగమును నిర్ణయించునవి ఇట్టి స్థిరాంకములే. కదలు రేఖాలోపము ఆ వేగమును సమీపించుకొలది దాని శక్తి పెరుగును. వంకర తిరిగినచో పొడవు హెచ్చినను మొత్తము శక్తి తగ్గునట్లున్న, ఆ గీత తిన్నగా నిలువజాలదు. ఒకజాతి ఇత్తడిలో అట్టి వంకరలను తరువాతివారు కనుగొనిరి.

భగవంతము 1952 నుండి 1957 వఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. తరువాత బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు అధిపతియై, 1961 నుండి 1969 వఱకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసెను. 1989లో కీర్తిశేషుడయ్యెను.

పెద్దలయందు గౌరవముంచుట మంచిదే. అయినను వారి లెక్కను మరల సరిచూచుట అగౌరవము కాదు. శాస్త్రము పెరుగునది ఆ మార్గముననే యని భగవంతము జీవితము బోధించుచున్నది.