కథకులకు బాట చూపిన ప్రేమ్‌చంద్

పగలెల్ల కొలువు చేసి, మిగిలిన గడియలలో కథలు వ్రాయ గోరువారు అన్ని భాషలలోను గలరు. ఏమి వ్రాయవలెను, ఎట్లు వ్రాయవలెను, వ్రాసినది అచ్చునకు ఎట్లు చేరును అనునవి వారిని వేధించు ప్రశ్నలు. ఈ మూడింటికిని హిందీ, ఉర్దూ కథకుడు ప్రేమ్‌చంద్ తన జీవితముతోనే సమాధానము చెప్పెను.

ఆయన 1880 జూలై 31వ తేదీన కాశీకి చేరువనున్న లమహీ గ్రామమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ధనపతిరాయ్. ధనము పేరులోనే గాని ఇంటిలో లేకుండెను. తండ్రి అజాయబ్‌లాల్ తపాలా గుమాస్తా. ఏడెనిమిదేండ్ల ప్రాయమున తల్లి పోయెను. పదునైదవ యేట వివాహమయ్యెను. 1897లో తండ్రియు గతించెను. కుటుంబభారము విద్యార్థి భుజములపై బడగా, నెలకు ఐదు రూపాయలకు ఒక న్యాయవాది ఇంట పిల్లలకు పాఠములు చెప్పుచు తన చదువు సాగించెను.

ఆయనకు కథావిద్య నేర్పిన బడి గోరఖ్‌పూరులోని ఒక పుస్తకాల అంగడి. పుస్తకములు కొనుటకు డబ్బు లేదు. అందుచే ఆ అంగడివాని పరీక్షాసహాయ గ్రంథములను తోడి విద్యార్థులకు అమ్మిపెట్టి, ప్రతిఫలముగా నవలలు ఇంటికి గొనిపోయి చదివెడివాడు. రెండు మూడేండ్లలో వందలకొలది నవలలు ముగించెను. విరివిగా చదువనివాడు నిండుగా వ్రాయజాలడనుటకు ఇది తొలి పాఠము.

తొలి రచనయు ఆ ప్రాయముననే సాగెను. వరుసకు మామయగు నొకడు ప్రణయ వ్యవహారమున చిక్కి నలుగురిలో నవ్వులపాలు కాగా, బాలుడు దానిని ప్రహసనముగా వ్రాసి, ఆ మామ తలాపిననే ఉంచి బడికి పోయెను. తిరిగి వచ్చునప్పటికి మామయు లేడు, వ్రాతప్రతియు లేదు. ఆ తొలి రచన లోకమునకు దక్కకపోయినను, కంటి యెదుట జరిగినదే కథకు ముడిసరుకని బాలునకు తెలిసినది.

1900లో బహ్రాయిచ్ ప్రభుత్వ పాఠశాలలో నెలకు ఇరువది రూపాయల ఉద్యోగము లభించెను. 1903 మొదలు ఆయన తొలి నవల కాశీలోని ఒక ఉర్దూ వారపత్రికలో ధారావాహికముగా వెలువడెను. పిమ్మట కాన్పూరున ‘జమానా’ పత్రికా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్‌తో స్నేహము కుదిరెను. క్రొత్త రచయితకు మంచి సంపాదకుడు దొరకుట సగము అదృష్టము. ఆ సంపాదకుని విడువక వ్రాయుచుండుట తక్కిన సగము. నిగమ్ ఆ కథలను అచ్చువేయుటయే గాక, ఆపదలో ఆదుకొనెను కూడ.

ఆ ఆపద 1908లో ‘నవాబ్‌రాయ్’ అను పేర వెలువరించిన ‘సోజె వతన్’ కథల సంపుటి వలన వచ్చెను. అప్పటికి హమీర్‌పూరు జిల్లాలో పాఠశాలల సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా నున్న ఆయనకు కలెక్టరు నుండి పిలుపు వచ్చెను. రాత్రియెల్ల ఎద్దుబండిలో ప్రయాణము చేసి ఆయన ఎదుట నిలిచెను. ఆ కథలు రాజద్రోహముగా నెంచబడెను. మిగిలిన ప్రతులు అగ్నికి ఆహుతియయ్యెను. ఇకమీద ఏమి వ్రాసినను ముందుగా చూపవలెనని ఆజ్ఞ పుట్టెను. ఉద్యోగము విడువరాదు, కలము విడువలేడు. అప్పుడు నిగమ్ సూచించిన క్రొత్త పేరు ప్రేమ్‌చంద్. 1910 నుండి ఆ పేరే నిలిచిపోయెను.

తరువాత భాషయు మార్చుకొనవలసి వచ్చెను. ఉర్దూలో ప్రకాశకులు దొరకుట కష్టము కాగా, ఆయన క్రమముగా హిందీ వైపు మరలెను. మొదట ఉర్దూలో వ్రాసిన నవలయే ‘సేవాసదన్’ అను పేర హిందీలో ముందుగా అచ్చయి, నాలుగు వందల ఏబది రూపాయలు తెచ్చెను. ఉర్దూ మూలము 1924లో గాని వెలుగు చూడలేదు. ఒక ద్వారము మూసికొన్నచో, కథను పెట్టెలో పెట్టి వగచుట ఆయన యెరుగడు.

కథానిర్మాణమున ఆయన పట్టుదల మిక్కిలి. కేవలము ఒక సంఘటన దొరకినంతనే కలము పట్టెడివాడు కాడు. ఆ సంఘటనలో ఒక మనస్తత్వ సత్యమో, ఒక భావపు పరాకాష్ఠయో కనబడిన పిదపనే పాత్రలను కల్పించెడివాడు. తొలినాళ్ల కథలలో దుష్టులు తుదకు మనసు మార్చుకొనెడివారు. ఆ పద్ధతికి ఆదర్శోన్ముఖ యథార్థవాదమని తానే పేరిడెను. కాని కడపటి కాలపు ‘కఫన్’లో అట్టి ఊరట యేమియు లేదు. పేరు గడించిన పిదపను తన పద్ధతిని తానే పరీక్షించుకొనుట అందరికి సాధ్యము కాదు.

1921 ఫిబ్రవరి 8వ తేదీన గోరఖ్‌పూరున గాంధీజీ ఉపన్యాసము విని, భార్య శివరాణీదేవి సమ్మతితో ఇరువది యేండ్ల కొలువునకు రాజీనామా యిచ్చెను. అప్పటికే ఆరోగ్యము అంతంతమాత్రము. 1923లో కాశీలో ముద్రణాలయము పెట్టెను; 1930లో ‘హంస్’ పత్రిక ప్రారంభించెను. రెండును అప్పులే మిగిల్చెను. ఆ అప్పులు తీర్చుటకై 1934లో బొంబాయి చలనచిత్రములలో కథారచనకు కుదిరెను. ఆ యేటి చివర మద్రాసునకు వచ్చి దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవమున ప్రసంగించెను. ఆ సభ పరీక్షలకు చదివిన తెలుగువారెందరికో ఆయన కథలు సుపరిచితములు. సినిమా రంగము తన స్వభావమునకు సరిపడదని గ్రహించి మరుసటి యేడే కాశీకి మరలెను. 1936లో ‘గోదాన్’ వెలువడెను. ఆ యేడే అక్టోబరు 8వ తేదీన ఆయన కన్నుమూసెను.

ఏబదియారేండ్ల జీవితములో ఇంచుమించు మూడు వందల కథలు, పదికి మించిన నవలలు. తీరిక దొరకిన పిదప వ్రాయుదమని ఆయన కూర్చుండలేదు. తీరిక ఆయనకు ఎన్నడును దొరకలేదు. పేరు పోయినను, భాష మారినను, కొలువు విడిచినను, కలము మాత్రము ఆగలేదు. కథ వ్రాయ గోరు ఉద్యోగికి ఇంతకంటె వేరు ఉపదేశమక్కరలేదు.