‘నో’ చెప్పగలిగిన నటి.. భానుమతి

నేర్చుకున్న ఒక్క పనిలోనే ఆరితేరాలా? లేక పక్కనున్న పనులూ తెలిసి ఉండాలా? బాలాపూర్, మీర్‌పేట నుంచి రోజూ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు బస్సెక్కే వాళ్లను అడిగితే తలా ఒక మాట చెబుతారు. పాత తరం నటి పి.భానుమతి జీవితంలో దీనికి మంచి జవాబు దొరుకుతుంది. ఆమె నటించారు. తన పాటలు తానే పాడుకున్నారు. సినిమాలు నిర్మించారు, డైరెక్ట్ చేశారు, సంగీతం సమకూర్చారు, స్టూడియో నడిపారు. కథలు కూడా రాశారు. ఇన్ని పనులు చేతిలో ఉన్నాయి కాబట్టే, నచ్చని చోట ‘నో’ చెప్పి బయటికి రాగలిగారు.

సంగీతమే తొలి పెట్టుబడి

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు ప్రాంతంలోని దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్యకు కర్ణాటక సంగీతమంటే ప్రాణం. కూతురికి చిన్నప్పుడే ఆయన పాట నేర్పారు. సినిమాల్లో నటించేవాళ్లే పాడుకోవాల్సిన రోజులవి. గొంతు లేకపోతే వేషం దొరకడం కష్టం. అలా ఇంట్లో నేర్చుకున్న సంగీతమే ఆమెకు సినిమా తలుపు తీసింది.

1939లో వచ్చిన ‘వరవిక్రయం’ ఆమె తొలి చిత్రం. కాళ్లకూరి నారాయణరావు నాటకాన్ని సి.పుల్లయ్య దర్శకత్వంలో కలకత్తాలో సినిమాగా తీశారు. వరకట్నం మీద తీసిన ఆ కథలో, కట్నంతో కుదిరిన పెళ్లి ఇష్టంలేక ప్రాణం తీసుకునే కాళింది పాత్ర భానుమతిది. అప్పటికి ఆమె టీనేజీలో అడుగు పెట్టిందంతే.

మానేద్దామనుకుంటే మలుపు తిరిగింది

‘కృష్ణప్రేమ’ (1943)కు పి.ఎస్.రామకృష్ణారావు అసిస్టెంట్ డైరెక్టర్. ఆ షూటింగుల్లోనే ఇద్దరికీ పరిచయమైంది. ఆయన చేతిలో పెద్దగా ఆస్తి లేదు. ఆమె ఇంట్లో వెంటనే ఒప్పుకోలేదు. అయినా ఆమె పట్టు వదల్లేదు. 1943 ఆగస్టు 8న పెళ్లి జరిగింది. ఇక సినిమాలు చాలు, ఇల్లు చూసుకుందామనుకున్నారు.

దర్శకుడు బి.ఎన్.రెడ్డి మాత్రం ‘స్వర్గసీమ’ (1945) కోసం పట్టుబట్టారు. వీధుల్లో ఆడిపాడే సుబ్బి, నాటకరంగంలో సుజాతాదేవిగా వెలిగి, చిత్తూరు నాగయ్య పోషించిన పత్రికా సంపాదకుడి సంసారాన్ని చెదరగొట్టే పాత్ర అది. మంచి అమ్మాయి వేషాలకు అలవాటుపడిన నటికి అదొక పరీక్ష. సినిమా పెద్ద హిట్టయింది. అందులో పావురాన్ని పిలుస్తూ ఆమె పాడిన పాట ఊరూరా మోగింది. మానేద్దామనుకున్న కెరియర్ అక్కడి నుంచే అసలు ఊపందుకుంది.

కొడుకు పేరు మీద కంపెనీ

పేరొచ్చాక చాలామంది చేసేది పారితోషికం పెంచడం. భానుమతి దంపతులు అంతటితో ఆగలేదు. కొడుకు భరణి పేరుతో భరణీ పిక్చర్స్ పెట్టారు. తొలి చిత్రం ‘రత్నమాల’. తర్వాత 1949లో అక్కినేని నాగేశ్వరరావు, భానుమతి జంటగా ‘లైలా మజ్ను’ తీశారు. రెండింటికీ రామకృష్ణే డైరెక్టర్. ఆ తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలిసింది. స్టూడియో సొంతదైతే ఫ్లోర్ కోసం ఇంకొకరి డేట్ల మీద ఆధారపడక్కర్లేదు. బయటి వాళ్లకు అద్దెకిచ్చినా ఆదాయమే.

సొంత కంపెనీ ఉంది కదా అని బయటి అవకాశాలు వదులుకోలేదు. జెమినీ అధినేత ఎస్.ఎస్.వాసన్ హిందీలో తీసిన ‘నిషాన్’లో నటించారు. 1951 డిసెంబరులో వచ్చిన బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’లో ఎన్.టి.రామారావు సరసన కనిపించారు. ప్లేబ్యాక్ పద్ధతి స్థిరపడి, హీరోయిన్లు వేరే గాయనుల పాటలకు పెదవులు కదుపుతున్న కాలంలోనూ తన పాట తానే పాడాలన్న పట్టుదలను విడవలేదు.

1953లో ఇంకో అడుగు వేశారు. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో ‘చండీరాణి’ తీశారు. ద్విపాత్రాభినయం ఆమెదే, దర్శకత్వమూ ఆమెదే. దక్షిణాదిలో అంతకుముందు 1936లో టి.పి.రాజలక్ష్మి తమిళంలో ‘మిస్ కమల’ను డైరెక్ట్ చేశారు. ఆ దారిలో నడిచిన ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరుసటి ఏడాది ‘చక్రపాణి’ సినిమాకు సంగీత దర్శకురాలిగానూ ఆమె పేరే పడింది.

‘మిస్సమ్మ’ చేజారింది

ఉద్యోగం దొరకని ఇద్దరు గ్రాడ్యుయేట్లు, టీచర్ కొలువు కోసం భార్యాభర్తలమని అబద్ధమాడే కథ ‘మిస్సమ్మ’ (1955). నిరుద్యోగం మీద తీసిన ఆ చిత్రంలో మొదట మేరీ పాత్ర భానుమతిదే. కొన్ని రీళ్లు తీశారు కూడా. ఒకరోజు వరలక్ష్మీ వ్రతం వల్ల సెట్‌కు ఆలస్యంగా వెళ్లారు. ముందే కబురు పంపానన్నది ఆమె వాదన. నిర్మాత చక్రపాణి క్షమాపణ కోరారు. ఆమె చెప్పనన్నారు. సినిమా నుంచి తప్పుకున్నారు. రెండో హీరోయిన్ వేషంలో ఉన్న సావిత్రి మేరీ అయ్యారు. సావిత్రి వదిలిన పాత్ర జమునకు వెళ్లింది. ఆ సినిమా సావిత్రిని ఎక్కడికి తీసుకెళ్లిందో అందరికీ తెలిసిందే.

భానుమతికి అది నష్టమేనా? నష్టమే. తెలుగువాళ్లు ఎప్పటికీ మరచిపోని ఒక పాత్ర ఆమె చేతి నుంచి జారిపోయింది. కానీ ఆ ఒక్క వేషం మీద ఆమె బతుకు ఆధారపడి లేదు. ఇంటికెళితే సొంత బేనర్, సొంత స్టూడియో, చేతి నిండా తమిళ సినిమాలు ఉన్నాయి. ఎం.జి.ఆర్.తో ‘మలైక్కళ్లన్’, ‘అలీబాబా’, ‘మదురై వీరన్’ చేశారు. ఆయనే దర్శకత్వం వహించిన ‘నాడోడి మన్నన్’ (1958) సమయంలో తేడాలొస్తే అక్కడా సర్దుకుపోలేదు. కథలో ఆమె పాత్రను సగంలోనే ముగించారు. ఇలాంటి వాటివల్ల పొగరుబోతన్న ముద్ర పడింది. ఆ ముద్రనూ ఆమె మోశారు.

అదే కాలంలో అమెరికాలో..

‘మల్లీశ్వరి’ విడుదలైన 1951లోనే అమెరికా టీవీలో ‘ఐ లవ్ లూసీ’ మొదలైంది. దాని హీరోయిన్ లూసిల్ బాల్. ఆమె కూడా భర్త దేశీ ఆర్నాజ్‌తో కలిసి డెసిలూ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఎపిసోడ్లను ఫిల్మ్ మీద తీసి హక్కులు దక్కించుకోవడంతో పునఃప్రసారాలే పెద్ద ఆస్తిగా మారాయి. విడాకుల తర్వాత 1962లో భర్త వాటా కొని, కంపెనీని ఆమే నడిపారు. ‘స్టార్ ట్రెక్’, ‘మిషన్ ఇంపాజిబుల్’ సీరియళ్లు ఆ సంస్థ నుంచి వచ్చినవే. దేశాలు వేరు, తెరలు వేరు. కెమెరా ముందు సంపాదించిన పేరును కెమెరా వెనక ఆస్తిగా మార్చుకోవడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి.

అత్తగారి వేషం, అత్తగారి కథలు

హీరోయిన్‌గా వయసు మీరాక చాలామందికి ఇంట్లో కూర్చోవడమే మిగిలేది. భానుమతి కలం పట్టారు. ఆమె ‘అత్తగారి కథలు’ తెలుగు హాస్యంలో నిలిచిపోయాయి. 1966లో పద్మశ్రీ వచ్చింది. 1972లో కృష్ణతో ‘అంతా మన మంచికే’, 1982లో చిన్నపిల్లలతో ‘భక్త ధ్రువ మార్కండేయ’ డైరెక్ట్ చేశారు. ‘తాతమ్మ కల’ (1974), ‘మంగమ్మగారి మనవడు’ (1984) సినిమాల్లో కథంతా ఆమె పాత్ర చుట్టూనే తిరుగుతుంది. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. సాలిగ్రామంలో పేద పిల్లల కోసం బడి పెట్టారు.

1986లో భర్త రామకృష్ణ పోయారు. ఆ తర్వాత కూడా పని ఆపలేదు. ‘నాలో నేను’ పేరుతో ఆత్మకథ రాశారు. చివరి సినిమా 1998లో వచ్చిన ‘పెళ్లి కానుక’. 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

మనకేంటి?

* చేసే పనికి ఆనుకుని ఉన్న పనిని నేర్చుకోండి. భానుమతి పాట నుంచి నటనకు, నటన నుంచి నిర్మాణానికి, అక్కడి నుంచి దర్శకత్వానికి వెళ్లారు. ప్రతి అడుగూ పక్క అడుగే. కోడింగ్ చేసేవాళ్లకు టెస్టింగ్, అకౌంట్స్ చూసేవాళ్లకు జీఎస్టీ అలాంటివే.

* సంపాదన వస్తున్నప్పుడే మన పేరు మీద ఏదైనా నిలబెట్టుకోవాలి. జీతం ఆగినా అది ఆగదు.

* ‘నో’ చెప్పే ముందు రెండో దారి సిద్ధంగా ఉందో లేదో చూసుకోవాలి. ఆమె ఆత్మాభిమానానికి అండగా ఒక స్టూడియో ఉంది. మనకు కనీసం ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉండాలి.

* ‘నో’కు ఖరీదు ఉంటుంది. కొన్నిసార్లు అది ‘మిస్సమ్మ’ అంత ఉండొచ్చు. ఆ లెక్క తెలిసే చెప్పాలి. చెప్పాక మళ్లీ పనిలో పడాలి.