హాలీవుడ్‌లో జపాన్ నటుడు – సెస్యూ హయకావా

'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చిత్రం చూసిన మన సభ్యులకు యుద్ధఖైదీల శిబిరం అధికారి కర్నల్ సైటో గుర్తుండే ఉంటాడు. ఆ పాత్రధారి సెస్యూ హయకావా.

వీరు జపాన్‌లోని చిబా ప్రాంతంలో జన్మించారు. కొడుకు నౌకాదళంలో అధికారి కావాలని తండ్రి కోరిక. ఈతలో కర్ణభేరి దెబ్బతిని ఆ ఆశ అడుగంటింది. అవమానం భరించలేక ప్రాణం తీసుకోబోయి బ్రతికి బయటపడినట్లు ఆయనే రాసుకున్నారు. అమెరికా వెళ్ళి నాటకాల మీదుగా సినిమాల్లో ప్రవేశించారు. 1914లో నటి త్సురు అవోకీని వివాహమాడారు.

1915లో సెసిల్ బి. డెమిల్ తీసిన మూకీ చిత్రం 'ది చీట్' ఆయనను పెద్ద తారను చేసింది. అయితే ఆ క్రూరపాత్ర అమెరికాలోని జపనీయులను నొప్పించింది. వారి నిరసనల వల్ల 1918లో మళ్ళీ విడుదల చేసినప్పుడు పాత్రను బర్మా దేశస్థునిగా మార్చారు. ఊరు మారిందే గాని చూపు మారలేదు! అదే ఏడాది హయకావా హావర్త్ పిక్చర్స్ అనే సొంత సంస్థ స్థాపించి, తనకు నచ్చిన పాత్రలు ధరించారు.

జాతి వివక్ష పెరగడంతో 1920లలో హాలీవుడ్ విడిచారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కుటుంబానికి దూరంగా ఫ్రాన్సులో చిక్కుకొని, బొమ్మలు గీసి అమ్ముకొని పొట్ట పోసుకున్నారు.

1957లో వచ్చిన సైటో పాత్రకు సహాయనటుని విభాగంలో ఆస్కార్ నామినేషన్ లభించింది. మనబోటి వారు పదవీ విరమణ చేసే వయసు దాటాక దక్కిన గౌరవమది! 1973 నవంబరు 23న టోక్యోలో కన్నుమూశారు. వయసు మీరిందని నిరాశపడే వారికి ఆయన జీవితం ధైర్యం చెబుతుంది.