పలకలతో గది వెచ్చబెట్టిన మోర్స్

ఎడ్వర్డ్ సిల్వెస్టర్ మోర్స్ 1838 జూన్ 18న అమెరికాలో, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. చలికాలం మంచు పడుతుంది. ఇంట్లో పొయ్యి మండకపోతే గడవని చోటు అన్నమాట. ఈయన పేరు చెప్పగానే జపాన్ వాళ్ళు తమ దేశపు పాత కుండలు గుర్తు చేసుకుంటారు, జంతుశాస్త్రం చదివినవాళ్ళు నత్తల్ని గుర్తు చేసుకుంటారు. గోడకి ఒక పెట్టె బిగించి, ఎండతోనే గదిలో గాలి వేడి చేసిన సంగతి మాత్రం చాలామందికి తెలీదు. ఆ సంగతి మన పత్రికలో రాయాలని అనిపించింది.

చిన్నప్పుడు మోర్స్‌ని ఏ బడీ ఉంచుకోలేదు. చదివిన బళ్ళలో ఒక్కటి తప్ప అన్నింటి నుంచీ పంపేశారు. సొంత ఊరి బడి అయింది, కాన్వే అనే ఊళ్ళో బడి అయింది, 1854లో బ్రిడ్జ్‌టన్ అకాడమీ కూడా అయింది. ఆ చివరి చోట చేసిన తప్పు ఏంటంటే బల్లల మీద చాకుతో చెక్కడం! (మన తొమ్మిదో తరగతి బెంచీలు చూసినవాళ్ళు నవ్వుకుంటారు. వార్డెన్ సార్లు దయచేసి ఈ పేరా చదివి లిస్టు రాయొద్దు.) క్లాసులో కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. సముద్రం ఒడ్డుకి పోయి గవ్వలు, చిప్పలు, నత్తగుల్లలు ఏరుకునేవాడు. పదమూడేళ్ళకే పెద్దవాళ్ళు చూసి మెచ్చుకునేంత సేకరణ ఉండేది అతని దగ్గర.

పంపెయ్యని ఆ ఒక్క బడి బెతెల్ అనే ఊళ్ళో గౌల్డ్ అకాడమీ. అక్కడ నథానియల్ ట్రూ అనే మాస్టారు ఉండేవారు. ఈ పిల్లవాడు పనికిరానివాడు కాడు, వీడికి కావలసింది బయట ఉంది అని ఆయన కనిపెట్టారు. చెట్లు, పురుగులు, నత్తలు చూడమని ప్రోత్సహించారు. అంతే. ఇంకేమీ చెయ్యలేదు. ఒక మాస్టారు చెయ్యగలిగిన పనుల్లో అదే పెద్దదని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత మోర్స్ పోర్ట్‌లాండ్‌లో రైలు ఇంజన్లు తయారుచేసే కంపెనీలో చేరాడు. యంత్రాల బొమ్మలు గీయడం అక్కడి పని. చెయ్యి చాలా శుభ్రంగా ఆడేది. సెలవు దొరికితే మళ్ళీ అడవికే. రాలిన ఆకుల కింద, కుళ్ళిన చెక్కల కింద వెతికి, ఎవరూ గుర్తించని రెండు రకాల నత్తల్ని పట్టుకున్నాడు. మొదటిదాన్ని 1857లో ప్రకటించేటప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. రెండోదానికి 1859లో పెట్టిన పేరు మిలియం. లాటిన్ భాషలో ఆ మాటకి చిరుధాన్యం అని అర్థం. మన వరిగలు, సామలు ఉన్నాయే, అలాంటి గింజంత నత్త అనుకోండి. కింద పడితే మనకు కనిపించదు. ఆయనకు కనిపించింది.

అప్పట్లో హార్వర్డ్ యూనివర్సిటీలో లూయీ అగాసీ అని పెద్ద ప్రొఫెసర్. 1859లో ఆయన మోర్స్‌ని సహాయకుడిగా పెట్టుకున్నాడు. డిగ్రీ లేదు, సర్టిఫికెట్లు లేవు, చేతిలో ఉన్నవి గవ్వలూ బొమ్మలే. అగాసీకి డార్విన్ సిద్ధాంతం గిట్టదు. మోర్స్ మాత్రం మెల్లగా డార్విన్ వైపే వెళ్ళాడు. 1871లో బౌడిన్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. బల్లలు చెక్కి బడి పోగొట్టుకున్నవాడు నల్లబల్ల ముందు నిలబడి రెండు చేతులతో ఒకేసారి బొమ్మలు గీసేవాడు! కుడి చేత్తో ఒకవైపు, ఎడమ చేత్తో ఇంకోవైపు. ఆ విద్య చూడ్డానికే జనం ఆయన ఉపన్యాసాలకి వచ్చేవారట.

జపాన్ సంగతి వేరే వ్యాసం అవుతుంది కాబట్టి కొంచెమే రాస్తాను. సముద్రంలో బ్రాకియోపోడ్‌లు అనే జీవులు ఉంటాయి. చూడ్డానికి ఆల్చిప్పలా రెండు చిప్పలు, లోపల జీవి వేరు. వాటిని వెతుక్కుంటూ 1877 జూన్‌లో సొంతంగా జపాన్ వెళ్ళాడు. యోకొహామా నుంచి టోక్యోకి రైల్లో పోతూ, ఒమోరి దగ్గర పట్టాల కోసం తవ్విన గట్టులో తెల్లగా చిప్పల పొర ఒకటి చూశాడు. ఆ రైలు 1872 నుంచి నడుస్తోంది. అయిదేళ్ళుగా ఎంతోమంది ఆ కిటికీల్లోంచే చూసి ఉంటారు. ఈయనకి మాత్రం అది పూర్వం మనుషులు తిని పారేసిన చిప్పల కుప్ప అని అర్థమైంది. విద్యార్థుల్ని తీసుకెళ్ళి తవ్వించాడు. తాడు ముద్రలున్న మట్టి కుండల పెంకులు బయటపడ్డాయి. జపాన్ పూర్వచరిత్రలో జోమోన్ కాలం అనే పేరు ఆ తాడు ముద్రల నుంచే వచ్చింది. టోక్యో యూనివర్సిటీ ఆయన్ని జంతుశాస్త్ర ప్రొఫెసర్‌గా పెట్టుకుంది. 1879లో అమెరికాకి తిరిగి వచ్చాడు.

1880లో మసాచుసెట్స్ రాష్ట్రం, సేలం ఊళ్ళో పీబాడీ అకాడమీ అనే మ్యూజియానికి డైరెక్టర్ అయ్యాడు. ఇక అసలు విషయానికి వస్తున్నాను.

ఎండ పడే ఒక కిటికీ. దానికి లోపల వైపు ముదురు రంగు తెర వేలాడుతోంది. అద్దానికీ తెరకీ నడుమ ఉన్న సందులో గాలి వేడెక్కి, పైకి లేచి, తెర పై అంచు మీదుగా గదిలోకి వస్తోందని మోర్స్ గమనించాడు. ఈ మాత్రం మనమూ చూసి ఉంటాం. ఆయన ఏం చేశాడంటే, ఆ కిటికీ లేకుండానే ఆ పని జరిగేలా ఒక పెట్టె తయారు చేశాడు.

దక్షిణం వైపు గోడ తీసుకున్నాడు. ఎందుకంటే ఉత్తరార్ధగోళంలో చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. (డిసెంబరులో మధ్యాహ్నం మన జెండా కర్ర నీడ ఎటు పడుతుందో చూడండి. ఉత్తరానికి పడుతుంది.) ఆ గోడకి బయటవైపు లోతు తక్కువ ఉన్న పెట్టె బిగించాడు. ముందు భాగం అద్దం. అద్దం వెనక కొంచెం సందు వదిలి నల్లటి పలకలు. అవును, పలకలే! ఆ దేశాల్లో ఇంటి కప్పు మీద పరిచే పలకరాయి. మన మార్కాపురం పలకలు వచ్చేది కూడా ఆ జాతి రాయి నుంచే. చిన్నప్పుడు ఎండలో పలక వదిలేసి మళ్ళీ పట్టుకున్నవాళ్ళకి అది ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు.

పని చేసే తీరు ఇది. ఎండ అద్దం దాటి లోపలికి వస్తుంది. నల్లని పలక దాన్ని మింగేసి వేడెక్కుతుంది. పలక నుంచి వచ్చే వేడి అద్దం గుండా తేలిగ్గా తిరిగి పోలేదు. అద్దాలు బిగించి ఎండలో ఆపిన జీపులో ఎక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది లోపల. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. గోడకి పైన ఒక కన్నం, కింద ఒక కన్నం. పై కన్నం గుండా వేడి గాలి గదిలోకి, కింది కన్నం గుండా గదిలోని చల్లగాలి పెట్టెలోకి. మళ్ళీ వేడెక్కడం, మళ్ళీ పైకి. ఫ్యాను లేదు, కరెంటు లేదు, కట్టెలు లేవు. తిప్పేదంతా గాలి బరువులోని తేడానే.

కన్నాలకి మూతలు కూడా పెట్టాడు. ఒక మూత ఇటు తిప్పితే గదిలో గాలే తిరుగుతుంది. అటు తిప్పితే బయటి మంచి గాలి వెచ్చబడి లోపలికి వస్తుంది. ఇంకోలా తిప్పితే పెట్టెలోని వేడి గాలి పైనుంచి బయటకి పోతూ గదిలోని ఉక్క గాలిని లాక్కుపోతుంది. అంటే వేసవిలో కూడా పనికొస్తుంది. నాకు ఈ మూతలే ఎక్కువ నచ్చాయి. వేడి పట్టుకోవడం చాలామందికి తెలుసు. జెనీవాలో సస్యూర్ అనే ఆయన 1767లోనే అద్దాల పెట్టెలో ఎండ వేడి బంధించి చూపించాడు. కానీ ఆ వేడిని మనిషి కూర్చునే గదికి తీసుకురావడం, వద్దనుకుంటే బయటకి పంపడం, ఇది ఇంట్లో ఉండేవాడి ఆలోచన.

1881 సెప్టెంబరు 6న అమెరికా ప్రభుత్వం దీనికి 246626 నంబరుతో పేటెంట్ ఇచ్చింది. ఎండతో గదులు వెచ్చబెట్టడం, గాలి ఆడించడం అన్నది దాని విషయం. తన మ్యూజియం గోడకే పెట్టె బిగించి పరీక్షించాడు. పని చేసింది. 1882లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక దీన్ని గురించి రాసింది.

అయినా ఊరూరా రాలేదు. కారణం కష్టమైనదేం కాదు. పొద్దు కుంకితే పెట్టె చల్లబడిపోతుంది. మబ్బు పట్టినా అంతే. రాత్రికి ఎలాగూ పొయ్యి కావాలి. ఉన్న పొయ్యి ఉండగా ఇంకో పెట్టె ఎందుకు అని జనం అనుకున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం. మంచు దేశంలో చలి చంపేది రాత్రిపూటే. వేడిని పట్టిన మోర్స్ దాన్ని రాత్రి దాకా దాచలేకపోయాడు.

దాచే ఉపాయం ఎనభై ఏళ్ళు దాటాక ఫ్రాన్సులో వచ్చింది. 1967లో పిరనీస్ కొండల్లోని ఒడెయ్యో అనే ఊళ్ళో ఫెలిక్స్ ట్రోంబ్ అనే ఇంజినీరు, జాక్ మిషెల్ అనే ఇళ్ళ నమూనాలు గీసేవాడూ కలిసి ఒక ఇల్లు కట్టారు. పల్చని పలకల బదులు అద్దం వెనక మందపాటి కాంక్రీటు గోడే పెట్టి దానికి ముదురు రంగు వేశారు. పగలంతా తాగిన వేడిని ఆ గోడ రాత్రి నిదానంగా వదులుతుంది. పైన కన్నం, కింద కన్నం మోర్స్‌వే. పేరు మాత్రం ట్రోంబ్ గోడ అయింది.

1973లో పెట్రోలు ధరలు ఒక్కసారి పెరిగినప్పుడు అమెరికాలో మామూలు మనుషులు ఈ పెట్టెలు ఇళ్ళ దగ్గరే చేసుకోవడం మొదలుపెట్టారు. కొత్త సామాను కొనలేదు. తీసేసిన కిటికీ అద్దాలు, పాత చెక్కలు, రేకులు. తర్వాత తాగి పారేసిన కూల్‌డ్రింకు డబ్బాలకి అడుగున కన్నం కొట్టి, ఒకదాని మీద ఒకటి గొట్టంలా నిలబెట్టి, నల్లరంగు పూసి వాడినవాళ్ళూ ఉన్నారు. పలక పోయి డబ్బా వచ్చింది, మిగిలిందంతా అదే.

మన దగ్గర చెయ్యాలంటే వంటగదిలో పారేసే నూనె డబ్బాల రేకు, నల్లబల్లకి వేసే మెరుపు లేని రంగు, ఒక పాత కిటికీ అద్దం, నాలుగు చెక్కలు చాలు. పెట్టె వెనక వరి ఊక గానీ ఎండుగడ్డి గానీ కూరితే వేడి వెనక్కి పోదు. కానీ ఊక రేకుకి నేరుగా తగలకుండా మధ్యలో ఒక చెక్క ఉండాలి. సందులు మట్టితో మెత్తాలి. రాత్రి కన్నాలు మూసెయ్యాలి, లేదంటే గాలి ఎదురు తిరుగుతుంది. చల్లబడిన గాలి కింది కన్నం గుండా గదిలోకి జారి, గదిలోని వెచ్చదనాన్ని పై కన్నం లాగేస్తుంది. అద్దం అంచులు కోసుకుంటాయి కాబట్టి సారు లేకుండా ముట్టుకోవద్దు.

ఉన్నమాట చెప్పాలంటే, మన్యంలో మనకి చలి వేసేది తెల్లవారుజామున, స్నానాల టైములో. అప్పటికి సూర్యుడు రాడు. మోర్స్‌కి వచ్చిన ఇబ్బందే మనకీ వస్తుంది. అయితే ఆ పెట్టె పై కన్నం దగ్గర జల్లెడ అరలు పెడితే మిరియాలు, పసుపు కొమ్ములు, మామిడి తాండ్ర దుమ్ము పడకుండా ఎండుతాయి. ఎండబెట్టే పని పగలే కదా. అక్కడ ఈ పెట్టెకి ఏ లోపమూ లేదు.

మోర్స్ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. 1882లో మళ్ళీ జపాన్ వెళ్ళి కుండలు, పింగాణీ సేకరించాడు. అయిదు వేల దాకా ఉన్న ఆ సేకరణ ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. జపాన్ ఇళ్ళ గురించి రాసిన పుస్తకానికి బొమ్మలన్నీ తనే గీశాడు. 1906లో అంగారక గ్రహం మీద పుస్తకం రాసి, అక్కడ కాలవలు తవ్విన జీవులు ఉన్నారన్న వాదాన్ని సమర్థించాడు. అందులో ఆయన పొరబడ్డాడు. అంగారకుడి మీద కాలవలు లేవు. సామ గింజంత నత్తని చూసిన కళ్ళు కూడా అంత దూరం చూసేసరికి మోసపోయాయి.

1923లో టోక్యోలో పెద్ద భూకంపం వచ్చి యూనివర్సిటీ లైబ్రరీ తగలబడిపోయింది. ఆ వార్త విని, తన సొంత పుస్తకాలన్నీ తన తర్వాత ఆ యూనివర్సిటీకే చెందాలని మోర్స్ వీలునామా మార్చి రాశాడు. తన మెదడుని కూడా పరీక్షల కోసం ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థకి రాసిచ్చాడు. 1925 డిసెంబరు 20న సేలంలో చనిపోయాడు. ఎనభై ఏడేళ్ళు. దాదాపు పన్నెండు వేల పుస్తకాలు ఓడ ఎక్కి టోక్యోకి వెళ్ళాయి.